రీస్టార్ట్ అవుతూనే ఉన్న కంప్యూటర్ ఏం చెప్పాలనుకుంటోంది? ఒక చిన్న చరిత్ర

 

ఈ ఎపిసోడ్ ఒక మెసేజ్‌తో మొదలైంది. భూపాలపల్లి నుంచి ఒక తమ్ముడు రాసిండు. "అన్నా, మా ఇంట్ల కంప్యూటర్ ఆన్ చేస్తే విండోస్ గుర్తు వస్తది, చుక్కలు గుండ్రంగా తిరుగుతయి, టక్కున ఆరిపోయి మళ్లా మొదటికొస్తది. పొద్దటి నుంచి ఇదే కథ. షాపుల చూపిస్తే ఫార్మాట్ కొట్టాలన్నరు. అక్క పెళ్లి ఫోటోలు అందులనే ఉన్నయ్. కొట్టియ్యాల్నా?"

నేను వెంటనే ఇచ్చిన రిప్లై ఒక్కటే: "ఆగు తమ్మీ. ఇప్పుడే వద్దు."

ఎందుకంత తొందరపడి చెప్పానో చివర్లో చెప్తా. ముందు అసలు కంప్యూటర్ ఇట్ల ఎందుకు చేస్తది, ఈ రోగం ఎప్పటి నుంచి ఉంది, దాన్ని ఎవరెవరు ఎట్ల పట్టుకున్నారు అనే కథ చూద్దాం. ఈ కథలో ఈసీఐఎల్ ఉంది, చెల్పూరు కరెంటు ఉంది, శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ కూడా ఉంది.

మొదటి ప్రశ్న. కంప్యూటర్ ఆన్ చేసిన క్షణంలో దానికి ఏం తెలుసు? దాదాపు ఏమీ తెలియదు. ర్యామ్‌లో నిన్న రాత్రి ఉన్నదంతా కరెంటు పోగానే పోయింది. విండోస్ హార్డ్ డిస్క్‌లో పడుకొని ఉంది. దాన్ని లేపి ర్యామ్‌లోకి తేవాలంటే ఒక ప్రోగ్రామ్ కావాలి. మరి ఆ ప్రోగ్రామ్‌ని ఎవరు తేవాలి? దానికి ఇంకో ప్రోగ్రామ్ కావాలా?

ఇంగ్లీషులో దీన్ని సొంత బూట్ల పట్టీలు పట్టుకొని తనను తానే పైకి లేపుకోవడంతో పోల్చారు. ఆ పట్టీ పేరు బూట్‌స్ట్రాప్. మనం రోజూ అనే "బూట్" అక్కడి నుంచే వచ్చింది.

భూపాలపల్లి వాళ్లకు ఇది ఈజీగా అర్థమైతది. గణపురం మండలం చెల్పూరులో కాకతీయ థర్మల్ పవర్ ప్లాంట్ ఉంది కదా. ఒకటి 500 మెగావాట్లు, ఇంకోటి 600, మొత్తం 1100 మెగావాట్లు. అంత కరెంటు పుట్టించే ప్లాంట్ పూర్తిగా ఆగిపోతే, మళ్లీ స్టార్ట్ చేయడానికి దానికే బయటి నుంచి కరెంటు కావాలి. బొగ్గు పిండి చేసే మిల్లులు, గాలి ఊదే ఫ్యాన్లు, నీళ్లు తోడే పంపులు, అన్నీ కరెంటుతోనే తిరుగుతాయి. కరెంటు పుట్టాలంటే కరెంటు కావాలి. కంప్యూటర్‌ది కూడా సేమ్ తిప్పలు.

పాత రోజుల్లో ఈ తిప్పలు మనిషే పడేవాడు. హైదరాబాద్‌లో 1967లో ఈసీఐఎల్ మొదలైంది. ఏ.ఎస్. రావు నగర్ అని బస్సు బోర్డు మీద చూస్తారు కదా, ఆ ఏ.ఎస్. రావు గారే ఈసీఐఎల్‌ని నిలబెట్టిన శాస్త్రవేత్త. ఈసీఐఎల్ నుంచి టీడీసీ-12 అనే కంప్యూటర్ వచ్చింది. మన దేశంలో తయారై మార్కెట్‌కి వెళ్లిన మొదటి తరం కంప్యూటర్లలో అది ఒకటి. ఆ కాలపు మినీ కంప్యూటర్లు చాలావరకు ఆన్ చేయగానే నడిచేవి కావు. ముందు ప్యానెల్ మీద వరుసగా స్విచ్‌లు ఉండేవి. ఆపరేటర్ వాటిని పైకీ కిందకీ వేస్తూ ఒక బుడ్డ ప్రోగ్రామ్‌ని చేత్తో ఎక్కించాలి. ఆ బుడ్డ ప్రోగ్రామ్ పేపర్ టేప్ నుంచి పెద్ద ప్రోగ్రామ్‌ని చదువుకుంటది. ఒక్క స్విచ్ తప్పు పడితే మళ్లీ మొదటి నుంచి.

1975లో అమెరికాలో ఆల్టెయిర్ 8800 వచ్చినప్పుడు కూడా ఇదే పద్ధతి. దానికి బిల్ గేట్స్, పాల్ అలెన్ కలిసి బేసిక్ రాశారు. చూపించడానికి అలెన్ ఫ్లైట్ ఎక్కాడు. మధ్యలో గుర్తొచ్చింది, అంత పెద్ద ప్రోగ్రామ్‌ని మెషీన్‌లోకి ఎక్కించే బూట్ లోడర్ రాయడమే మర్చిపోయారని! ఫ్లైట్ దిగేలోపు కూర్చొని రాశాడు. అది పని చేయకపోయి ఉంటే మైక్రోసాఫ్ట్ కథ ఎట్ల ఉండేదో ఊహించుకోండి.

1981 ఆగస్టు 12న ఐబీఎం పీసీ వచ్చింది. ఇందులో ఆ బుడ్డ ప్రోగ్రామ్‌ని ఒక చిప్‌లోనే రాసి పెట్టేశారు. అదే బయోస్. ఆన్ చేయగానే బయోస్ లేస్తది, ర్యామ్ ఉందా, కీబోర్డ్ ఉందా అని చూసుకుంటది, అన్నీ బాగుంటే ఒక్క బీప్ కొట్టి డిస్క్ దగ్గరికి పోతది. మనిషి స్విచ్‌లు వేసే పని పోయింది. మంచిదే. కానీ దీంతో ఒక కొత్త సమస్య కూడా పుట్టింది. మనిషి చేత్తో చేసేటప్పుడు ఎక్కడ ఆగిందో మనిషికి తెలిసేది. ఇప్పుడు మెషీన్ తనంతట తానే లేస్తది, తనంతట తానే పడతది, మళ్లీ తనంతట తానే లేస్తది. పోయినసారి ఎక్కడ పడ్డదో దానికి గుర్తుండదు. అందుకే అదే గుంతలో మళ్లీ మళ్లీ పడతది. మనం బూట్ లూప్ అనేది దీన్నే.

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం.

మీ సీపీయూ డబ్బాలో వెనక ఫ్యాన్ ఉన్న ఇనుప పెట్టె ఉంటది. అదే ఎస్ఎంపీఎస్. అది బయటి కరెంటును తీసుకొని మదర్‌బోర్డుకు సరిపడా చిన్న వోల్టేజ్‌గా మార్చి ఇస్తది. ఆన్ చేసిన అర సెకనులోపు అది మదర్‌బోర్డుకు ఒక సిగ్నల్ పంపుతది: "పవర్ బాగుంది, మొదలుపెట్టు" అని. ఆ సిగ్నల్ వచ్చేదాకా ప్రాసెసర్ కదలదు. మధ్యలో వోల్టేజ్ పడిపోతే ఆ సిగ్నల్ కూడా పోతది, వెంటనే ప్రాసెసర్ రీసెట్ అయితది. అంటే ఎస్ఎంపీఎస్ ముసలిదైతే ఏమైతది? ఆన్ చేసినప్పుడు పని తక్కువ కాబట్టి నడుస్తది. విండోస్ లోడ్ అయ్యేటప్పుడు ప్రాసెసర్, డిస్క్ అన్నీ ఒకేసారి కరెంటు లాగుతాయి. ఎస్ఎంపీఎస్ తట్టుకోలేదు. సిగ్నల్ పోయింది, రీస్టార్ట్. చూసేవాళ్లకు విండోస్ పాడైనట్టే కనిపిస్తది!

2000 తర్వాత మొదటి కొన్నేళ్లలో ప్రపంచమంతా ఇంకో రోగం వచ్చింది. మదర్‌బోర్డు మీద నిలబడి ఉండే బుడ్డ డబ్బాలు, కెపాసిటర్లు, లోపలి ద్రవం నాసిరకంగా ఉండటంతో పైన ఉబ్బి, పగిలి కారిపోయేవి. పేరున్న పెద్ద కంపెనీల మెషీన్లలో కూడా ఇవి పడ్డాయి. లక్షణం ఏంది? కారణం లేకుండా రీస్టార్ట్. మూత తీసి చూస్తే పూరీ లెక్క ఉబ్బి కనిపించేవి. మూత తీయని వాళ్లు మాత్రం విండోస్ మీద విండోస్ వేసుకుంటూ పోయారు.

అదే కాలంలో విండోస్ వైపు నుంచి ఒక నిర్ణయం జరిగింది. 2001 అక్టోబర్‌లో ఎక్స్‌పీ వచ్చింది. అందులో తీవ్రమైన తప్పు జరిగితే నీలం స్క్రీన్ మీద కారణం రాస్తది. కానీ డిఫాల్ట్‌గా ఏం పెట్టారంటే, ఆ స్క్రీన్ వచ్చిన వెంటనే రీస్టార్ట్ కావాలని. ఆఫీసులో ఎవరూ లేనప్పుడు సర్వర్ ఆగిపోకుండా ఇది పనికొస్తది. ఇంట్లో మాత్రం కారణం చదివేలోపే స్క్రీన్ మాయం. కంప్యూటర్ మనకు రోగం పేరు చెప్తనే ఉంది, మనకే వినపడట్లేదు.

2003 ఆగస్టు 11న బ్లాస్టర్ అనే వార్మ్ వచ్చింది. నెట్‌కు కనెక్ట్ అయితే చాలు, ఏ ఫైలూ ఓపెన్ చేయకుండానే ఎక్కేది. స్క్రీన్ మీద ఒక బాక్స్ వచ్చి 60 సెకన్లు లెక్కపెట్టి రీస్టార్ట్ చేసేది. విచిత్రం ఏంటంటే దానికి మందు అప్పటికే ఉంది. మైక్రోసాఫ్ట్ జులై 16నే ప్యాచ్ ఇచ్చింది. కానీ ప్యాచ్ డౌన్‌లోడ్ కావాలంటే 60 సెకన్లు సరిపోవు కదా! అప్పుడు రన్‌లోకి పోయి షట్‌డౌన్ కమాండ్ పక్కన మైనస్ ఏ అని కొడితే లెక్క ఆగేది. ముందు లూప్ ఆపు, తర్వాత మందు వెయ్యి. ఈ పాయింట్ గుర్తు పెట్టుకోండి.

"అన్నా, మాకు ఫోనే ఉంది, కంప్యూటర్ ముచ్చట మాకెందుకు" అనేవాళ్లకు 2020 చెప్తా. ఒక అందమైన సరస్సు ఫోటో నెట్‌లో తిరిగింది. దాన్ని వాల్‌పేపర్‌గా పెడితే కొన్ని ఆండ్రాయిడ్ 10 ఫోన్లు లూప్‌లో పడ్డాయి. వైరస్ కాదు, మోసం కాదు. ఫోటోలో రంగుల వెలుగును ఫోన్ 0 నుంచి 255 వరకు లెక్కేస్తది. ఆ ఫోటో రంగుల పద్ధతి వేరే కాబట్టి లెక్క 255 దాటింది. దాటిన దానికి చోటు లేదు, ప్రోగ్రామ్ పడిపోయింది. ఫోన్ లేచి మళ్లీ అదే వాల్‌పేపర్ గీయబోయింది, మళ్లీ పడింది.

ఇక 2024 జులై 19, శుక్రవారం. మన టైమ్ ప్రకారం పొద్దున 9:39కి క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ ఒక చిన్న అప్‌డేట్ ఫైల్ పంపింది. ఆ ఫైల్ 21వ విలువను చూడమంది. ప్రోగ్రామ్ చేతిలో ఉన్నవి 20. ఒక్కటి తేడా! ఆ ప్రోగ్రామ్ విండోస్ గుండెకాయ లాంటి కెర్నెల్‌లో నడుస్తది కాబట్టి మొత్తం మెషీన్ పడిపోయింది, లేచింది, మళ్లీ పడింది. కంపెనీ 10:57కే, అంటే 78 నిమిషాల్లో, ఫైల్ వెనక్కి తీసుకుంది. కానీ అప్పటికే మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల మెషీన్లు దెబ్బతిన్నాయి. శంషాబాద్‌లో హైదరాబాద్ నుంచి కోల్‌కతా పోయే ప్రయాణికుడికి ఇండిగో వాళ్లు పెన్నుతో రాసి బోర్డింగ్ పాస్ ఇచ్చారు. ఆ ఫోటో మీలో చాలామంది చూసే ఉంటారు.

మరి తప్పు ఫైల్ వెనక్కి తీసుకున్నాక ఎందుకు బాగుకాలేదు? నెట్ కనెక్ట్ అయ్యేలోపే మెషీన్ పడిపోతోంది కాబట్టి. మంచి ఫైల్ వచ్చే దారే లేదు. కొన్ని క్లౌడ్ మెషీన్లకు 15 సార్ల దాకా రీస్టార్ట్ చేయాల్సి వచ్చింది, ఏదో ఒకసారి నెట్ ముందు అందుకుంటదని. మిగతా చోట్ల మనిషి లేచి మెషీన్ దగ్గరికి నడిచి, సేఫ్ మోడ్‌లోకి పోయి, ఆ ఒక్క ఫైల్‌ని చేత్తో తీసేయాల్సి వచ్చింది. ఒక్క ఫైల్! ఎవరూ 85 లక్షల మెషీన్లను ఫార్మాట్ కొట్టలేదు.

ఇప్పుడు నా కథ.

2012. మాది జనగామ. అప్పటికి జనగామ, మానుకోట, భూపాలపల్లి అన్నీ వరంగల్ జిల్లాలోనే ఉండేవి. 2016 అక్టోబర్ 11న కదా వేర్వేరు జిల్లాలు అయ్యింది. పత్తి పైసలతో బాపు ఒక అసెంబుల్డ్ కంప్యూటర్ కొన్నడు. కరెంటు రోజుకు ఎన్నిసార్లు పోయేదో లెక్కలేదు, మాకు యూపీఎస్ లేదు. ఒకరోజు మొదలైంది, విండోస్ గుర్తు, నలుపు, విండోస్ గుర్తు, నలుపు. ఒక షాపుకు తీసుకుపోయినం. "ఫార్మాట్ కొడతా, గంటలో అయితది" అన్నరు. నేను సరే అన్న. అన్నది నేనే, వేరే ఎవరూ కాదు.

అందులో మా నానమ్మ బతుకమ్మ పాట పాడుతుంటే ఫోన్‌లో రికార్డ్ చేసి ఎక్కించిన ఫైల్ ఉంది. ఆమె అంతకు ముందు ఎండాకాలమే పోయింది. ఇంకో కాపీ లేదు.

ఇంటికి తెచ్చి ఆన్ చేసినం. విండోస్ గుర్తు, నలుపు.

నెల తర్వాత మానుకోట నుంచి మా మామ వచ్చిండు. మూత తీసి, తన కంప్యూటర్ ఎస్ఎంపీఎస్ తెచ్చి పెట్టి చూసిండు. నడిచింది. తప్పు అంతా ఆ ఇనుప పెట్టెది. నానమ్మ పాటది ఏ తప్పూ లేదు. బాపు ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండు అనిపిస్తది ఇప్పటికీ.

నేను బీటెక్ చేసి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఇట్ల కెమెరా ముందు కూర్చోవడానికి సగం కారణం ఆ రోజే. రోగం ఏందో తెలుసుకోకముందే మందు వేసిన.

అందుకే భూపాలపల్లి తమ్ముడికి ఈ వరుస పంపాను. మీరు కూడా స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ముందు పెన్ డ్రైవ్, ప్రింటర్, అన్నీ పీకేయి. ఆన్ చేసి బయోస్ స్క్రీన్‌లోకి పోయి 15 నిమిషాలు అట్లనే వదిలేయి. అక్కడ కూడా రీస్టార్ట్ అయితే విండోస్ తప్పు కాదు, ఎస్ఎంపీఎస్, వేడి, ర్యామ్, మదర్‌బోర్డు చూడాలి. ప్లగ్ పీకి, మూత తీసి దుమ్ము దులుపు, ర్యామ్ తీసి మళ్లీ గట్టిగా పెట్టు, ఉబ్బిన కెపాసిటర్లు ఉన్నాయేమో చూడు. ఎస్ఎంపీఎస్ పెట్టె మూత మాత్రం విప్పొద్దు, ప్లగ్ పీకినా లోపల షాక్ ఉంటది. ఇంకొకరి మంచి ఎస్ఎంపీఎస్ పెట్టి చూడటమే సరైన పరీక్ష.

బయోస్‌లో నిలబడి విండోస్ దగ్గరే పడిపోతుంటే, అప్పుడు విండోస్ మీద, డిస్క్ మీద అనుమానం. అయినా ఎస్ఎంపీఎస్‌ని పూర్తిగా వదిలేయకు, మాది బయోస్‌లో బాగానే నిలబడేది. ఆటోమేటిక్ రీస్టార్ట్ ఆపే ఆప్షన్ రికవరీ మెనూలో ఉంటది. అది ఆపితే నీలం స్క్రీన్ నిలబడతది, కారణం ఫోటో తీసుకో. సేఫ్ మోడ్‌లో లేస్తే ఈ మధ్య వేసిన డ్రైవర్, అప్‌డేట్ తీసేయి.

ఇవన్నీ అయ్యాక కూడా ఫార్మాట్ తప్పదంటే, డిస్క్ బయటికి తీసి ఇంకో కంప్యూటర్‌కు తగిలించి ఫోటోలు కాపీ చేసుకున్న తర్వాతే. షాపు వాళ్లకు ఈ మాట ముందే చెప్పాలి, గట్టిగా చెప్పాలి.

తమ్ముడు నిన్న రాత్రి మళ్లీ మెసేజ్ పెట్టిండు. బయోస్‌లో నాలుగు నిమిషాలకే ఆరిపోయిందట. ప్రాసెసర్ మీద ఫ్యాన్ తిరగట్లేదు, దుమ్ముతో బిగుసుకుపోయింది. కొత్త ఫ్యాన్ వేస్తే లేచింది. అక్క పెళ్లి ఫోటోలు అట్లనే ఉన్నాయి.

ఈ వీడియో చూసినాక ఒక్క పని చేయండి. మీ ఇంట్లో ముసలోళ్ల గొంతు ఏ ఫోన్‌లో ఉందో, ఏ కంప్యూటర్‌లో ఉందో చూసి, ఈ రాత్రే ఇంకో చోట కాపీ పెట్టుకోండి. మిగతా ముచ్చట కామెంట్లలో మాట్లాడుకుందాం. ఉంటా మరి.