తెరమీది కిటికీలు

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టు షెడ్డు ముందు ఒక గంట నిలిచి చూచినవారికి ఒక సంగతి బోధపడును. ఇంజను, ఛాసిస్ ఒక కంపెనీవి. వానిపై క్యాబిను, తొట్టి, రంగులు మన మేస్త్రీలవి. ఒకే ఛాసిస్‌పై ఇద్దరు మేస్త్రీలు కట్టిన లారీలు ఒకదానిని పోలి ఒకటి యుండవు. కంప్యూటరు తెరమీది కిటికీల చరిత్ర చెప్పబూనిన మాకు ఆ షెడ్డులే మొదట జ్ఞప్తికి వచ్చినవి. ఛాసిస్ ఎవరిది, బాడీ ఎవరిది, కట్టు హక్కు ఎవరిది అను తగవే ఆ తెరపై నలువదేండ్లకు పైగా సాగుచున్నది.

తొలుత కంప్యూటరుకు పని చెప్పవలెనన్న ఆజ్ఞలను టైపు చేయవలసి యుండెను. 1968లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఒక సభయందు మౌసును చూపెను. 1973లో కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధనాలయమున 'ఆల్టో' యంత్రము సిద్ధమైనది. బల్లపై కాగితములు ఒకదానిపై నొకటి పరచినట్లు దాని తెరపై చట్రములను పరచి, కోరినదానిని పైకి తెచ్చుకొను పద్ధతి అచ్చట రూపొందినది. వీనికే కిటికీలని పేరు. జిరాక్స్ వారు 1981లో 'స్టార్' అను యంత్రమును అమ్మకమునకు పెట్టిరి గాని, దాని ధర సామాన్యులకు అందునది కాదు. 1984 జనవరిలో ఆపిల్ వారి మాకింటోష్ వెలువడినది. ఇందు ఛాసిస్, బాడీ రెండును ఒకే ఇంటివి. పరుల చేయి పడనీయరు.

1985 నవంబరులో మైక్రోసాఫ్ట్ వారు తమ 'విండోస్'ను తెచ్చిరి. మొదటి కూర్పులో కిటికీలు ఒకదానిపై నొకటి ఎక్కవు. గచ్చుమీది పలకలవలె ప్రక్కప్రక్కనే సర్దుకొనవలెను. 1987 నాటి రెండవ కూర్పులో అవి ఒకదానిపై నొకటి ఎక్కినవి. మరుసటి యేడే ఆపిల్ వారు న్యాయస్థానమునకు ఎక్కిరి. 189 అంశములు మావి అని వారి వాదము. అందు 179 అంశములకు 1985 నాటి ఒడంబడికలో ఆపిలే అనుమతి యిచ్చియున్నదని న్యాయస్థానము తేల్చినది. 1994లో అప్పీలు కూడ పోయినది. ఈ నడుమ, 1989లో, జిరాక్స్ వారే ఆపిల్‌పై దావా వేయుట, అది మరుసటి యేట చాలవరకు కొట్టివేయబడుట మాకు మిక్కిలి ముచ్చటగా తోచును. పొరుగింటి మామిడికాయలు కోసి తెచ్చినవాడు, తన బుట్టలోనివి మరియొకడు తీసెనని పంచాయితీ పెట్టినట్లున్నది.

మూడవ మార్గము అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున 1984లో పుట్టినది. దాని పేరు ఒక్క అక్షరము, 'ఎక్స్'. నేటికిని వాడుకలోనున్న పదునొకండవ కూర్పు 1987 నాటిది. గీత గీయుట, చోటు చూపుట మా పని. అందచందములు మీ యిష్టము అనునది దాని సూత్రము. ఇది అచ్చముగా ఆటోనగర్ పద్ధతి. కార్యక్రమము ఒక యంత్రమున నడచుచుండగా దాని చిత్రము దూరమందలి మరియొక యంత్రపు తెరపై పడవచ్చును. గాయకుడు స్టూడియోలో, గానము మీ యింటి రేడియోలో అన్నట్లే.

ఆ ఛాసిస్‌పై 1996లో జర్మనీలో మత్తియాస్ ఎట్రిచ్ 'కె.డి.ఇ.' అను బాడీని కట్టనారంభించెను. అందుకు వాడిన 'క్యూట్' అను సామగ్రిపై హక్కుల నిబంధనలు పూర్తి స్వేచ్ఛ నీయవని ఎంచి, 1997లో మెక్సికో దేశీయులు మిగుయెల్ దె ఇకాజా, ఫెదెరికో మేనా 'గ్నోమ్'ను ప్రారంభించిరి. 2000లో ఆ నిబంధన సడలినను రెండు శిబిరములును నిలిచినవి. శక్తి రెండుగా చీలినదని కొందరు వగతురు. మాకు అట్లు తోచదు. ఒక మేస్త్రీ షెడ్డు మూసిన మరియొకని కడకు పోవచ్చును గదా!

ఐతే తెలుగువారికి ఈ పోటీ వేరొక చోట తగిలినది. ఆటోనగర్ విడిభాగముల దుకాణదారు తన పద్దు తెలుగున వ్రాసుకొనదలచిన, తెరపై ఒత్తులు కుదురునా? ఎక్స్ యొక్క తొలి పద్ధతిలో ఒక సంకేతమునకు ఒక బొమ్మయే. ఇంగ్లీషుకు అది చాలును. మన లిపిలో ఒత్తు క్రిందికి దిగవలెను, గుడి పైకెక్కవలెను. 1991లో యూనికోడ్ మన లిపికి స్థానమిచ్చినది. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అను తెలుగు ఖతి వచ్చినది. గ్నోమ్ 'పాంగో'ను, కె.డి.ఇ. తన క్యూట్‌ను ఆశ్రయించి అక్షరములు కూర్చినవి గనుక, ఒకచోట సరిగానున్న మాట వేరొకచోటను అట్లే యుండునన్న నమ్మకము లేదు. తరువాత ఇరువురును 'హార్ఫ్‌బజ్' అను ఒకే కూర్పరిని స్వీకరించిరి. స్వచ్ఛంద కార్యకర్తలు రెండింటి పట్టికలను తెనిగించిరి. 'స్వేచ్ఛ' సంస్థ వారు తెలుగున పలుకు నిర్వహణ వ్యవస్థనే కూర్చిరి.

అంతయు కుదురుకొన్నదని తలచుచుండగా, 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అను అక్షరము ప్రపంచవార్త యైనది. దానిలో కంటికి కానరాని విభజన సంకేతమొకటి చేరినపుడు, ఆపిల్ ఫోనులలోను, మాక్ కంప్యూటరులలోను దానిని చూపబోయిన కార్యక్రమము కూలిపోయెను. సందేశముగా వచ్చిన ఆ ఒక్క అక్షరము ఫోనును కదలనీయకుండ చేసినది. ఛాసిస్, బాడీ రెండును ఒకరివే గనుక దానిని సవరింపగలవారును వారే. ఆ నెల 19వ తేదీన వారు దిద్దుబాటు పంపువరకు, 'జ్ఞానము' అను మాటలోని తొలి అక్షరమునకు వెరచి, మన బంధుమిత్రులు కొందరు ఫోనులు తెరచుటకే జంకిరి.