పైలట్‌కి డిగ్రీ ఎందుకు?

2022 జనవరిలో అమెరికాలో డెల్టా ఎయిర్‌లైన్స్ ఒక రూల్ మార్చింది. పైలట్ ఉద్యోగానికి నాలుగేళ్ల డిగ్రీ తప్పనిసరి కాదు, ఉంటే మంచిది అని చెప్పింది. వినగానే కొంచెం భయమేస్తుంది కదా? కానీ ఎయిర్‌లైన్ పైలట్ లైసెన్సుకి అమెరికా ప్రభుత్వం డిగ్రీ ఎప్పుడూ అడగలేదు. అడిగింది కంపెనీలే. మన దగ్గర కూడా కమర్షియల్ లైసెన్సుకి ఇంటర్ చాలు.

అసలు కథ ఆర్మీలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు అమెరికా ఆర్మీలో ఏవియేషన్ క్యాడెట్ అవ్వాలంటే రెండేళ్లు కాలేజీ చదవాలి, లేదా దానికి సమానమైన పరీక్ష పాస్ కావాలి. 1941 డిసెంబర్‌లో పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగింది. ఒక్కసారిగా వేలల్లో పైలట్లు కావాల్సొచ్చారు. 1942 జనవరిలోనే కాలేజీ రూల్ తీసేసి, అందరికీ ఒకే స్క్రీనింగ్ టెస్ట్ పెట్టారు. ట్రైనింగ్ మాత్రం అంతే కఠినం. ఎగరలేనివాళ్లని మధ్యలోనే పంపించేసేవాళ్లు.

చక్ యేగర్‌ని చూడండి. వెస్ట్ వర్జీనియా కుర్రాడు, హైస్కూల్‌తో చదువు ఆపేశాడు. 1941లో ఆర్మీలో చేరి మెకానిక్‌గా పనిచేశాడు. కాలేజీ చదవనివాళ్లకీ అవకాశం ఇవ్వడం మొదలయ్యాక పైలట్ అయ్యాడు. 1947 అక్టోబర్ 14న ధ్వని కంటే వేగంగా విమానం నడిపాడు. అదే మనిషి, 1959లో నాసా మొదటి ఆస్ట్రోనాట్లని ఎంచుకున్నప్పుడు డిగ్రీ లేక లిస్టులోకే రాలేదు!

నాకైతే ఇది మన క్యాంపస్ ప్లేస్‌మెంట్లలో 60 శాతం కటాఫ్ లాగే అనిపిస్తుంది. అప్లికేషన్లు ఎక్కువైతే జల్లెడ పడతారు, మనుషులు దొరక్కపోతే జల్లెడ పక్కన పెడతారు. డెల్టా రూల్ మార్చింది కూడా కోవిడ్‌లో సీనియర్లు పెద్ద సంఖ్యలో ముందే రిటైరై, పైలట్ల కొరత వచ్చినప్పుడే.

మరి సేఫ్టీ? 2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది చనిపోయారు. స్టాల్ వార్నింగ్ వస్తే ముక్కు కిందికి దించాలి, కెప్టెన్ కంట్రోల్స్ వెనక్కి లాగాడు. తర్వాత వచ్చిన చట్టంతో 2013 నుంచి కో-పైలట్‌కి కూడా 1,500 గంటల ఫ్లయింగ్ ఉండాలి. గుర్తింపు ఉన్న ఏవియేషన్ డిగ్రీ ఉంటే 1,000 చాలు. విచిత్రం ఏంటంటే, కూలిన ఆ విమానంలో పైలట్లిద్దరికీ 1,500 గంటలు ఎప్పుడో దాటాయి. లోపం దొరికింది ట్రైనింగ్‌లో, అలసటలో.

డబ్బు సంగతి వేరే. అమెరికాలో మామూలు ఇంటి పిల్లాడికి కాలేజీకి ఒక లోన్, ఫ్లయింగ్‌కి ఇంకో లోన్. రెండోది తప్పదు. డెల్టాలో చేరాలంటే మొదటిది కూడా 2022 వరకు తప్పలేదు.