సిజేరియన్ కాన్పు - సామాజిక నింద

సిజేరియన్ కాన్పు అనగా తల్లి పొట్టను, గర్భసంచిని కోసి బిడ్డను వెలుపలికి తీసే శస్త్రచికిత్స. ఈ విధంగా బిడ్డను కన్న తల్లిని "నొప్పులు పడకుండా కన్నది" అని చిన్నచూపు చూడటం, ఆపరేషనుకు ఆమెనే బాధ్యురాలిని చేయడం, మామూలు కాన్పు జరిగిన వారితో పోల్చి ఎత్తిపొడవడం మొదలైనవి సామాజిక నింద క్రిందికి వస్తాయి. ఇది అనేక దేశాలలో ఉన్నదే అయినా, భారతదేశంలో సిజేరియన్లు అత్యధికంగా జరిగే తెలంగాణ రాష్ట్రంలో ఈ విషయానికి ప్రత్యేక ప్రాధాన్యత ఉన్నది. ఇక్కడ పదిమంది తల్లులలో ఆరుగురు ఈ పద్ధతిలోనే కంటున్నారు. అయినా "ఆపరేషన్ కాన్పు" అనే మాటలోని తక్కువతనం తొలగిపోలేదు.

పేరు, చరిత్ర

రోమన్ పాలకుడు జూలియస్ సీజర్ ఈ విధంగా జన్మించడం వల్ల ఈ పేరు వచ్చిందని ఒక కథ ప్రచారంలో ఉన్నది. కానీ సీజర్ తల్లి అరేలియా అతడు పెద్దవాడైన తరువాత కూడా జీవించి ఉన్నది. ఆ కాలంలో చనిపోయిన లేక చనిపోతున్న స్త్రీ కడుపు నుండి బిడ్డను తీయడానికే ఈ కోత కోసేవారు కనుక ఈ కథ నమ్మదగినది కాదు. కోయుట అను అర్థం గల లాటిన్ ధాతువు నుండి ఈ పేరు వచ్చి ఉండవచ్చునని పలువురి అభిప్రాయం. మౌర్య చక్రవర్తి బిందుసారుని, విషప్రభావంతో మరణించిన అతని తల్లి గర్భం నుండి చాణక్యుడు కోసి తీయించాడని జైన గ్రంథాలలో ఒక కథ ఉన్నది. ఇలా ప్రాచీన గాథలలో ఈ కోత తల్లి మరణంతో ముడిపడి కనిపిస్తుంది.

తల్లిని కూడా బ్రతికించగల శస్త్రచికిత్సగా ఇది రూపొందినది 19వ శతాబ్దం చివరి భాగంలోనే. 1882లో జర్మన్ వైద్యుడు మాక్స్ సేంగర్ గర్భసంచి కోతకు కుట్లు వేసే పద్ధతిని ప్రవేశపెట్టిన తరువాత తల్లుల మరణాలు తగ్గసాగాయి. శస్త్రచికిత్సకు అవసరమైన మత్తుమందు చరిత్రలో హైదరాబాదుకు ఒక స్థానం ఉన్నది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888లోను, 1889లోను క్లోరోఫాం భద్రతపై రెండు కమిషన్లు ఇక్కడ పరిశోధనలు జరిపాయి. ప్రస్తుతం చాలా సిజేరియన్లకు వెన్నులో సూది ద్వారా నడుము క్రింది భాగానికి మాత్రమే మత్తు ఇస్తారు. తల్లి మెలకువతోనే ఉండి బిడ్డ తొలి ఏడుపును వినగలుగుతుంది.

తెలుగు వ్యవహారంలో

తెలుగులో మాతృత్వాన్ని చెప్పే మాటలలో చాలావరకు నొప్పితో, కష్టంతో ముడిపడినవి. నవమాసాలు మోసి కన్న తల్లి, పేగు తెంచుకొని పుట్టిన బిడ్డ, కాన్పు ఆడదానికి మరుజన్మ వంటివి అందరికీ తెలిసినవే. ఈ మాటలు తల్లి పడిన శ్రమకు గౌరవం ఇవ్వడానికి పుట్టినవి. అయితే నొప్పులు పడటమే తల్లితనానికి కొలత అన్న భావానికి కూడా ఇవే ఆధారమవుతున్నాయి.

సిజేరియన్‌ను వాడుకలో "ఆపరేషన్ కాన్పు", "పెద్దాపరేషన్", "కడుపు కోసి తీశారు" అని వ్యవహరిస్తారు. పెద్దాపరేషన్ అనే మాటను గర్భసంచి తొలగించే శస్త్రచికిత్సకు కూడా వాడటం వల్ల రెండింటి మధ్య గందరగోళం ఏర్పడుతుంది. "కడుపుకోత" అనే మాట మాత్రం తెలుగులో బిడ్డను పోగొట్టుకున్న తల్లి దుఃఖానికి రూఢి అయినది. బిడ్డ దక్కడానికి కోయించుకున్న కోతకు తెలుగులో గౌరవంగా చెప్పుకొనే పేరు లేదు.

గణాంకాలు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదవ విడత (2019-21) ప్రకారం తెలంగాణ కాన్పులలో 60.7 శాతం సిజేరియన్లు. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 42.4 శాతం, దేశ సగటు 21.5 శాతం. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రులలో జరిగిన కాన్పులలో 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రులలో 44.5 శాతం శస్త్రచికిత్సతో జరిగాయి. దేశం మొత్తం మీద ఈ సంఖ్యలు వరుసగా 47.4, 14.3 శాతం. 2005-06 నాటి మూడవ విడత సర్వేలో దేశ సగటు 8.5 శాతం మాత్రమే.

1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 10 నుండి 15 శాతాన్ని మించి సిజేరియన్లు ఉండటానికి సమర్థన లేదని పేర్కొన్నది. 2015లో విడుదల చేసిన ప్రకటనలో ఒక నిర్దిష్ట శాతాన్ని చేరుకోవడం కంటే, అవసరమైన ప్రతి స్త్రీకి శస్త్రచికిత్స అందేలా చూడటం ముఖ్యమని తెలియజేసినది. 2018-20 నమూనా నమోదు గణాంకాల ప్రకారం ప్రతి లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు తెలంగాణలో 43, దేశంలో 97. ఆసుపత్రి కాన్పులు, రక్తనిధులు, రవాణా సౌకర్యాలు, శస్త్రచికిత్స అందుబాటు అన్నీ కలిసి తల్లుల మరణాలను తగ్గించాయి. కాబట్టి సిజేరియన్ అనవసరమని గానీ, ప్రతి సిజేరియన్ అవసరమేనని గానీ ఈ అంకెలను బట్టి చెప్పడానికి వీలులేదు.

శంషాబాదు ప్రాంతం

శంషాబాదు రంగారెడ్డి జిల్లాలో, హైదరాబాదుకు దక్షిణాన, బెంగుళూరు వెళ్ళే 44వ జాతీయ రహదారిపై ఉన్నది. సుమారు 5,500 ఎకరాలలో నిర్మించిన రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం ఇక్కడ 2008 మార్చిలో ప్రారంభమైనది. 2018లో ఈ పట్టణం పురపాలక సంఘమైనది. విమానాశ్రయంతో పాటు హోటళ్ళు, గోదాములు, నివాస సముదాయాలు వచ్చాయి. భూములు ఇచ్చిన రైతు కుటుంబాలు, పాలమూరు నుండీ ఇతర రాష్ట్రాల నుండీ వచ్చిన కూలీలు, విమానాశ్రయ ఉద్యోగులు ఇరుగుపొరుగున నివసిస్తున్నారు.

కాన్పు విధానంలో కూడా మార్పు వచ్చినది. ఒకప్పుడు ఇంటిలో మంత్రసాని చేతుల మీదుగా జరిగే పురుడు ఇప్పుడు దాదాపు పూర్తిగా ఆసుపత్రికి మారినది. 2005లో ప్రారంభమైన జననీ సురక్షా యోజన, అదే ఏడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 అంబులెన్సు సేవ ఈ మార్పుకు తోడ్పడ్డాయి. 2019-21 సర్వే నాటికి తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రులలోనే జరిగాయి. శంషాబాదు నుండి పేట్లబుర్జు, సుల్తాన్‌బజారు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి.

ఈ మార్పును ఒకే ఇంటిలోని మూడు తరాలలో చూడవచ్చును. అమ్మమ్మ ఇంటిలో కన్నది, తల్లి ప్రభుత్వ ఆసుపత్రిలో మామూలు కాన్పుతో కన్నది, కూతురికి సిజేరియన్ జరిగినది. "మేము పదిమందిని కనలేదా" అనే పోలిక ఇక్కడి నుండే పుడుతుంది. ఆ కాలంలో కాన్పులలో పోయిన తల్లులు, బిడ్డలు ఆ పోలికలో లెక్కకు రారు.

నింద రూపాలు

నొప్పులకు సంబంధించినది: సిజేరియన్ తల్లి సుఖంగా కన్నదని, నొప్పులకు ఓర్వలేక ఆపరేషన్ కోరుకున్నదని అంటారు. వాస్తవానికి చాలా సిజేరియన్లు గంటల తరబడి పురిటినొప్పులు పడిన తరువాత, బిడ్డ గుండె చప్పుడు తగ్గడం వల్లనో, కాన్పు ముందుకు సాగకపోవడం వల్లనో జరుగుతాయి. అటువంటి తల్లి పురిటినొప్పులనూ, కోత నొప్పినీ రెండింటినీ భరిస్తుంది.

ఖర్చుకు సంబంధించినది: తొలిచూలు కాన్పు తల్లిగారింటి బాధ్యతగా భావించడం తెలుగునాట ఆచారం. ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ ఖర్చు ఎక్కువ కావడంతో తల్లిదండ్రులకు భారమైనానని కూతురు బాధపడుతుంది. రెండవ కాన్పు ఖర్చు అత్తింటిపై పడినప్పుడు అదే విషయం ఎత్తిపొడుపుగా మారుతుంది.

పాలకు సంబంధించినది: ఆపరేషన్ అయితే పాలు పడవు అనే నమ్మకం ఉన్నది. శస్త్రచికిత్స తరువాత పాలు రావడం కొంత ఆలస్యం కావచ్చును గాని, తగిన సహాయం ఉంటే మొదటి గంటలోనే బిడ్డకు ముర్రుపాలు పట్టించవచ్చును. ఈ సహాయం చేయకుండా డబ్బాపాలు పట్టించి, తరువాత తల్లికే లోపం అంటగట్టడం కనిపిస్తుంది.

పథ్యానికి సంబంధించినది: కుట్లకు చీము పడుతుందని పప్పు, కూరగాయలు, చివరకు మంచినీళ్ళు కూడా తగ్గించి ఇస్తారు. గాయం మానడానికి మాంసకృత్తులు, ద్రవాలు అవసరం. పప్పు తింటే చీము పడుతుందనడానికి ఆధారం లేదు. అయినా కుట్టు మానకపోతే బాలింత నోరు కట్టుకోలేదని అంటారు.

పనికి సంబంధించినది: కూలి చేసుకొని బ్రతికే కుటుంబాలలో ఆపరేషన్ అయిన మనిషి బరువులు ఎత్తలేదని, పనికి రాదని భావిస్తారు. మొదటి కొన్ని వారాలు బరువులు ఎత్తరాదన్న వైద్య సలహా, జీవితకాలపు అశక్తతగా మారిపోతుంది. జీవితాంతం వచ్చే నడుము నొప్పికి వెన్నులో ఇచ్చిన సూదే కారణమన్న నమ్మకం కూడా విస్తృతంగా ఉన్నది. దీనిని పరిశోధనలు నిర్ధారించలేదు.

నిర్ణయం ఎవరిది?

మాయ గర్భసంచి ద్వారానికి అడ్డుగా ఉండటం, బిడ్డ అడ్డం తిరగడం లేదా ఎదురుకాళ్ళతో ఉండటం, తల్లికి రక్తపోటు ప్రమాదస్థాయికి చేరడం, బిడ్డకు ప్రాణవాయువు తగ్గడం వంటి పరిస్థితులలో నిర్ణయం వైద్యపరమైనది. ఇవి తల్లి ధైర్యసాహసాలపై ఆధారపడినవి కావు.

మరికొన్ని సందర్భాలలో కారణాలు వేరు. పురిటినొప్పులను గమనిస్తూ గంటల తరబడి వేచి ఉండటానికి తగినంతమంది సిబ్బంది ఉండకపోవడం, వేచి చూసి ఏదైనా జరిగితే గొడవలు వస్తాయన్న వైద్యుల భయం, ప్రైవేటు ఆసుపత్రుల రాబడి, మొదటిసారి సిజేరియన్ జరిగితే రెండవసారి కూడా అదే చేయడం వీటిలో ముఖ్యమైనవి. "ఒకసారి సిజేరియన్ అయితే ఎప్పుడూ సిజేరియనే" అనే సూత్రం 1916లో అమెరికన్ వైద్యుడు ఎడ్విన్ క్రాగిన్ పేరున ప్రసిద్ధమైనది. ఆ కాలపు నిలువు కోతకు అది వర్తించినది. నేటి అడ్డకోత జరిగిన తల్లులలో తగినవారిని ఎంపిక చేసి ప్రయత్నిస్తే నూటికి 60 నుండి 80 మందికి తరువాతి కాన్పు మామూలుగా జరుగుతుంది. అయితే పాత కుట్టు విడిపోయే ప్రమాదం స్వల్పంగా ఉన్నందున, వెంటనే శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రిలోనే దీనికి ప్రయత్నించవలెను.

ముహూర్తపు కాన్పులు తెలుగువారిలో ప్రత్యేకంగా చెప్పుకోదగినవి. మంచి నక్షత్రం చూసి, పంచాంగం ప్రకారం ఆపరేషన్ వేళ నిర్ణయించమని కుటుంబ పెద్దలు వైద్యులను కోరడం ఉన్నది. ముహూర్తం పెట్టించినది పెద్దలు, అంగీకార పత్రంపై సంతకం చేసేది తరచుగా భర్త. కోత మాత్రం తల్లిది, మాట పడేది కూడా ఆమే.

ప్రభుత్వ చర్యలు

తెలంగాణ ప్రభుత్వం 2017 జూన్‌లో కేసీఆర్ కిట్ పథకాన్ని ప్రారంభించినది. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు అయిన తల్లికి ఆడపిల్ల పుడితే 13,000 రూపాయలు, మగపిల్లవాడు పుడితే 12,000 రూపాయలు విడతలవారీగా ఇచ్చేలా దీనిని రూపొందించారు. అదే సంవత్సరం ఫెర్నాండెజ్ సంస్థ, యునిసెఫ్ సహకారంతో నర్సులకు మిడ్‌వైఫ్ శిక్షణ మొదలైనది. 1948లో హైదరాబాదులో స్థాపించబడిన ఫెర్నాండెజ్ ఆసుపత్రిలో డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ ఆధ్వర్యంలో ఇటువంటి శిక్షణ 2011 నుండే జరిగినది. నొప్పుల సమయంలో తల్లి వెంట ఉండి ధైర్యం చెప్పడం, నడిపించడం, అనువైన భంగిమలు నేర్పడం మిడ్‌వైఫ్ పని. 2018 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం కూడా మిడ్‌వైఫ్ సేవలపై మార్గదర్శకాలు విడుదల చేసినది.

2022లో అప్పటి రాష్ట్ర ఆరోగ్యశాఖ మంత్రి తన్నీరు హరీశ్ రావు సిజేరియన్లు తగ్గించాలని పలుమార్లు కోరారు. అనవసరపు శస్త్రచికిత్సలు తగ్గించడం మంచి లక్ష్యమే. పదేపదే జరిగే సిజేరియన్ల వల్ల తరువాతి కాన్పులలో మాయ గర్భసంచికి అతుక్కుపోవడం వంటి ప్రమాదాలు పెరుగుతాయి. అయితే "సహజ కాన్పే మంచిది" అనే ప్రచారం ఆసుపత్రులను దాటి ఇంటికి చేరేసరికి, ఇప్పటికే ఆపరేషన్ జరిగిన తల్లికి అది మరొక నిందగా వినిపించవచ్చును. ఆసుపత్రిని అడగవలసిన ప్రశ్నను బాలింతను అడగరాదు.

1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం కాన్పు విధానాన్ని బట్టి తేడా చూపలేదు. 2017 సవరణ ప్రకారం మొదటి రెండు కాన్పులకు 26 వారాల వేతన సెలవు రెండు రకాల కాన్పులకూ వర్తించినది.

విదేశాలలోని తెలుగువారు

అమెరికా తదితర దేశాలలో ఉన్న కూతుళ్ళకు, కోడళ్ళకు పురుడు పోయడానికి తల్లులు శంషాబాదు విమానాశ్రయం నుండి ప్రయాణమవడం సర్వసాధారణమైనది. కారప్పొడులు, బాలింత లేహ్యం సామానులో వెళ్తాయి. వాటితో పాటు కాన్పు గురించిన నమ్మకాలు కూడా వెళ్తాయి. అమెరికాలో 2023లో సుమారు 32 శాతం కాన్పులు సిజేరియన్లు. ఇది భారత సగటు కంటే ఎక్కువ, తెలంగాణ శాతంలో సుమారు సగం.

బాలింతపై ప్రభావం

కాన్పు తరువాత కొందరు తల్లులకు దిగులు, నిద్రపట్టకపోవడం, బిడ్డపై ఆసక్తి తగ్గడం వంటి లక్షణాలు కలుగుతాయి. రెండు వారాలకు మించి ఇవి కొనసాగితే వైద్యుని సంప్రదించవలెను. అనుకోకుండా జరిగిన ఆపరేషన్ వల్ల తాను విఫలమైనానన్న భావం కలిగిన తల్లికి ఎత్తిపొడుపు మాటలు మరింత హాని చేస్తాయి. ఆపరేషన్ ఎందుకు చేయవలసి వచ్చినదో వైద్యులు ఆమెకు, ఆమె అత్తింటివారికి, తల్లిగారింటివారికి ఒకేచోట వివరించి, డిశ్చార్జి కాగితంపై కారణం స్పష్టంగా వ్రాసి ఇచ్చినట్లయితే ఈ నిందకు చాలావరకు ఆస్కారం ఉండదు. ఆ కాగితం తరువాతి కాన్పుకు కూడా ఉపయోగపడుతుంది కనుక భద్రపరచుకొనవలెను.

ఇవి కూడా చూడండి

శంషాబాదు
గర్భం
మంత్రసాని
ముర్రుపాలు