ఒక బల్ల, నాలుగు పొయ్యిలు

ఇండియా నుంచి పెద్దవాళ్లు వస్తున్నారంటే సింగపూర్‌లోని తెలుగు ఇళ్లలో మొదలయ్యే చర్చ ఒకటే: వీళ్లను బయట భోజనానికి ఎక్కడికి తీసుకెళ్లాలి? అత్తగారు ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. మామగారికి చేప ఉంటే చాలు, ఇంకేమీ అడగరు. పిల్లలకు కారం తగలకూడదు. ఇంటాయన ఈ దేశం వచ్చాక నూడిల్స్‌కు అలవాటు పడ్డాడు. వీళ్లందరినీ ఒకే రెస్టారెంట్‌లో కూర్చోబెడితే ఎవరో ఒకరు పెరుగన్నంతో సరిపెట్టుకోవాల్సిందే. అందుకే కొత్తగా ఊరికి వచ్చిన వాళ్లు ఎవరు అడిగినా నేను హాకర్ సెంటర్‌కే, అంటే రకరకాల వంట స్టాళ్లు ఒకే కప్పు కింద ఉండే చోటికే వెళ్లమంటాను. అక్కడ చవక కాబట్టి మాత్రమే కాదు. ఇంటిల్లిపాదీ తలో రుచీ తింటూ ఒకే బల్ల చుట్టూ కూర్చోగలిగే ఏర్పాటు ఈ ఊళ్లో ఇంకెక్కడా లేదు. ఆ ఏర్పాటు ఎలా వచ్చిందో తెలుసుకుంటే అక్కడ ఏం తినాలో కూడా తెలుస్తుంది.

1819లో ఈస్టిండియా కంపెనీ ఇక్కడ రేవు పెట్టాక పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఒంటరి మగవాళ్లు. ఒక్కో గదిలో పదిమంది పడుకునే ఇళ్లలో పొయ్యి పెట్టుకోవడానికి చోటెక్కడిది? రేవులో మూటలు మోసి వచ్చినవాడికి వండుకునే ఓపిక ఎక్కడిది? వాళ్ల ఆకలి తీర్చింది వీధి వంటవాళ్లు. కావడికి ఒక పక్క నిప్పుల పొయ్యి, ఇంకో పక్క గిన్నెలు, సరుకులు. అలా భుజాన వేసుకుని వీధి వీధీ తిరిగేవాళ్లు. ఎవరి మనుషులకు వాళ్ల వంట. హొక్కియెన్ చైనీయులకు రొయ్యల చారుతో నూడిల్స్, టియోచ్యూ చైనీయులకు చేపల గంజి, మలయా, జావా వాళ్లకు బొగ్గుల మీద కాల్చిన సాటే మాంసం పుల్లలు, తమిళ ముస్లింలకు రొట్టె, మాంసం పులుసు. అప్పట్లో ఇది ఎవరికీ విహారం కాదు. సొంత ఊరి తిండి దొరికితే మర్నాడు పనిలోకి వెళ్లగలిగేవాళ్లు, అంతే.

ఇరవయ్యో శతాబ్దం నడిమికి వచ్చేసరికి వీధులు ఈ బండ్లతో కిక్కిరిసిపోయాయి. కుళాయిలు లేవు. ఎంగిలి నీళ్లు, మిగిలిన అన్నం మురుగు కాలువల్లోకి, అక్కడి నుంచి నదిలోకి. కలరా, టైఫాయిడ్ భయం ఎప్పుడూ ఉండేది. ఏం చేయాలో తేల్చమని 1950లో ఒక విచారణ సంఘం వేశారు. అసలు పని స్వాతంత్ర్యం వచ్చాకే కదిలింది. 1968-69లో ద్వీపమంతా తిరిగి వీధి వర్తకులను నమోదు చేశారు, సుమారు 18,000 మందికి లైసెన్సులు ఇచ్చారు. 1971 నుంచి 1986 దాకా కుళాయిలు, కరెంటు, మురుగు గొట్టాలు ఉన్న సెంటర్లు కట్టి వాళ్లను అందులోకి చేర్చారు. 1977లో మొదలై పదేళ్లు సాగిన సింగపూర్ నది ప్రక్షాళనలోనే దాదాపు 5,000 మందిని ఒడ్డు నుంచి తరలించారు. అందరూ ఇష్టంగా కదల్లేదు. బేరం బాగా సాగే మూల వదిలి ఎవరో చూపించిన నాలుగు గజాల కొట్టులోకి వెళ్లడం తేలికైన సంగతి కాదు. కానీ తరిమేసి చేతులు దులుపుకోకుండా, అదే మనిషికి అదే వంట చేసుకోవడానికి కప్పు, కుళాయి, తక్కువ అద్దె ఇచ్చారు. ఈ ప్రభుత్వం చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే.

కాలువలు శుభ్రం చేయడానికి చేసిన ఈ పని వల్ల ఎవరూ అనుకోని మేలు ఇంకొకటి జరిగింది. ఎవరి వీధిలో వాళ్లు, ఎవరి మనుషులకు వాళ్లు వండుకునే వంటలన్నీ ఒక కప్పు కిందికి వచ్చాయి. బల్లలు ఏ ఒక్క స్టాల్‌వీ కావు, అందరివీ. హలాల్ స్టాల్‌లో కొన్న బిర్యానీ, చైనీస్ స్టాల్‌లో కొన్న నూడిల్స్, ఇడ్లీ, చెరకు రసం ఒకే బల్ల మీదికి వస్తాయి. గిన్నెలు తిరిగి పెట్టే చోట హలాల్ ట్రేలకు వేరే అర, మిగతావాటికి వేరే అర. ఎవరి నియమం వాళ్లదే, కూర్చునేది మాత్రం కలిసే. కుటుంబాలకు అనువైన చోటు అంటే నా లెక్కలో ఇదే. బొమ్మలున్న మెనూ కార్డు, పిల్లల కుర్చీ ఆ తర్వాతి సంగతి.

నేను ఫారర్ పార్క్ పక్కన ఉంటాను కాబట్టి నాకు దగ్గరిది టెక్కా సెంటర్. ఈ పేటకు పశువులతో పాత సంబంధం ఉంది. రోచోర్ వాగు నీళ్లు, గడ్డి ఉండటం వల్ల పశువుల వర్తకులు ఇక్కడ దొడ్లు పెట్టారు. వాళ్ల వెనకే మన దేశం నుంచి పాలవాళ్లు, కాపర్లు, వ్యాపారులు వచ్చారు. బఫెలో రోడ్డు పేరు ఆనాటిదే. పక్కనే గుర్రప్పందేల మైదానం 1933 దాకా నడిచింది, రేస్ కోర్స్ రోడ్డు అలా మిగిలింది. 1915లో కట్టిన పాత మార్కెట్‌ను 1982లో రోడ్డు ఇవతల కొత్త భవనంలోకి మార్చారు. ఇప్పుడు మనం టెక్కా అంటున్నది దాన్నే. కింద చేపలు, మాంసం, కూరగాయల సంత, పక్కనే వంట స్టాళ్లు, పైన చీరలు, కుట్టుపని కొట్లు. శనివారం శ్రీనివాస పెరుమాళ్ గుడికి వెళ్లే తెలుగువాళ్లు చాలామంది. 1855లో వెలసిన ఆ గుడి నుంచి టెక్కాకు నడిచి వెళ్లిపోవచ్చు. దర్శనం, టిఫిను, వారానికి సరిపడా మునక్కాడలు, కరివేపాకు ఒకే పూటలో ముగుస్తాయి.

టెక్కాలో పరోటా స్టాల్ ముందు పిల్లల్ని కాసేపు నిలబెట్టండి. ఇక్కడ దాన్ని ప్రాటా అంటారు. నూనెలో నానిన మైదా ముద్దను వంటాయన అరచేత్తో అదిమి, అంచు పట్టుకుని గాలిలోకి విసిరి బల్ల మీద కొడతాడు. మూడో విసురుకు అది రుమాలంత పలచనవుతుంది. నాలుగు వైపులా మడిచి పెనం మీద వేస్తాడు. కాలాక రెండు చేతులతో పక్కల నుంచి చప్పట్లు కొట్టినట్టు కొడితే పొరలు విడతాయి. పెద్దలకు పప్పు పులుసో, చేపల పులుసో. పిల్లలకు పక్కన కాస్త పంచదార పెట్టమంటే పెడతారు. ఇక్కడి పిల్లలు తరతరాలుగా అలాగే తింటున్నారు.

కారం తినని పిల్లలకు నిశ్చింతగా పెట్టగలిగింది హైనానీస్ చికెన్ రైస్. చైనా దక్షిణాన ఉన్న హైనాన్ ద్వీపం వాళ్లు మిగతా చైనీయుల కన్నా ఆలస్యంగా ఇక్కడికి చేరారు. అప్పటికే లాభమున్న వ్యాపారాలన్నీ వేరేవాళ్ల చేతుల్లో ఉన్నాయి. దాంతో వీళ్లు ఓడల్లో, తెల్లవాళ్ల ఇళ్లలో వంటవాళ్లుగా కుదిరారు. తర్వాత కాఫీ కొట్లు, తిండి కొట్లు పెట్టుకున్నారు. కోడిని మరగనివ్వకుండా సన్నని వేడి మీద ఉడికించి, తీయగానే చల్లటి నీళ్లలో ముంచుతారు. అందుకే మాంసం మెత్తగా, తోలు బిగువుగా ఉంటుంది. అదే చారులో, కోడి కొవ్వులో, అల్లం వెల్లుల్లి వేసి బియ్యం వండుతారు. ఎముకలు తీసి ఇమ్మని అడగండి, కారం చట్నీ వేరే గిన్నెలో వస్తుంది. ఇంట్లో రెండు మెతుకులు తినిపించడానికి గంటసేపు బతిమాలాల్సిన పిల్లలు ఈ అన్నాన్ని అడిగి పెట్టించుకోవడం మా బంధువుల ఇళ్లలో చూస్తూనే ఉన్నాను.

మసాలా లేనిదే ముద్ద దిగని పెద్దవాళ్లకు నేను చెప్పేవి రెండు. మొదటిది ‘మీ గోరెంగ్’. చైనీయుల పసుపు నూడిల్స్‌ను తమిళ ముస్లింలు తమ పెనం మీదికి తెచ్చుకుని, మిరప ముద్ద, టమాటా, గుడ్డు, బంగాళాదుంప ముక్కలు వేసి ఎర్రగా వేయిస్తారు. తమిళనాడులో ఇది లేదు, చైనాలోనూ లేదు. రెండోది చేప తల పులుసు. కేరళ నుంచి వచ్చిన ఎం.జె. గోమెజ్ అనే హోటల్ యజమాని, చైనీయులు చేప తలను ఇష్టంగా తింటారని గమనించి 1949 ప్రాంతంలో దాన్ని మన పులుసులో వండటం మొదలుపెట్టాడని ఇక్కడివాళ్లు చెబుతారు. చింతపండు, బెండకాయ, వంకాయ పడిన ఆ పులుసు మన కోస్తావాళ్లకు కొత్తగా అనిపించదు. దీనికి హాకర్ సెంటర్ కన్నా రేస్ కోర్స్ రోడ్డులో అరిటాకులో వడ్డించే హోటళ్లు నయం, నలుగురైదుగురు పంచుకోవాల్సిన వంట కాబట్టి.

ఇక మన అత్తగారి సంగతి. శాకాహారం అనగానే అందరూ 1924 నాటి ఆనంద భవన్‌కో, 1947 నాటి కోమల విలాస్‌కో తీసుకెళ్తారు. రెండూ మంచివే, కాఫీతో సహా. కానీ దోసె తినడానికి ఆవిడ సముద్రం దాటి రానక్కర్లేదు కదా. హాకర్ సెంటర్లలో చైనీస్ బౌద్ధ శాకాహార స్టాల్ ఎక్కడుందో చూడండి. చాలా సెంటర్లలో ఒక్కటైనా ఉంటుంది. చైనీస్ బౌద్ధుల నియమంలో మాంసంతో పాటు ఉల్లి, వెల్లుల్లి జాతి కూడా నిషిద్ధం. మన మడి ఇళ్ల నియమం, వాళ్ల నియమం ఇక్కడ కలిశాయి. వేయించిన సన్న సేమ్యా మీద క్యాబేజీ, పుట్టగొడుగులు, టోఫు వేసి ఇస్తారు. కోడిలా, బాతులా కనిపించే ముక్కలు సోయాతో, గోధుమ బంకతో చేసినవి. చూసి కంగారు పడేవాళ్లుంటే ముందే చెప్పి ఉంచండి. గుడ్డు వాడేదీ లేనిదీ స్టాల్‌ను బట్టి ఉంటుంది, అడగాలి. చైనీస్ నెలలో మొదటి రోజు, పదిహేనో రోజు చాలామంది శాకాహారమే తింటారు. అవి మన అమావాస్య, పౌర్ణమికి ఒక రోజు అటూ ఇటూగా వస్తాయి. ఆ రోజుల్లో ఈ స్టాళ్ల ముందు క్యూ పెద్దది, వంటకాలూ ఎక్కువే. పౌర్ణమికి ఒంటిపూట ఉండే పెద్దావిడ, జపమాల చేతికి చుట్టుకున్న చైనీస్ ముసలమ్మ ఒకే క్యూలో నిలబడితే ఒకరి భాష ఒకరికి రాకపోయినా ప్లేట్లో ఏముందో ఇద్దరికీ తెలుసు.

శాకాహారులు మిగతా స్టాళ్ల దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండాలి. చికెన్ రైస్ స్టాల్‌లో అన్నం ఒక్కటే అడిగినా అది కోడి కొవ్వులో వండిందే. తోటకూరలా కనిపించే ఆకుకూర వేపుళ్లలో ఎండు రొయ్యల ముద్ద పడుతుంది. కొబ్బరిపాలతో ఘుమఘుమలాడే లక్సా నూడిల్స్‌లోనూ అంతే. క్యారెట్ కేక్ అని బోర్డు ఉంటే పిల్లలు పరుగెత్తుతారు. అందులో క్యారెట్ ఉండదు, కేకూ కాదు. ముల్లంగి, బియ్యప్పిండి ఆవిరి మీద ఉడికించి, ముక్కలు కోసి గుడ్డుతో వేయించింది. రుచి బాగుంటుంది, కానీ ముందే చెప్పకపోతే ఏడుపే.

చంటిపిల్లలున్నవాళ్లు మిట్టమధ్యాహ్నం వెళ్లకండి. ఉక్కపోత, ఆఫీసుల రద్దీ రెండూ అప్పుడే. పదకొండు లోపో, సాయంత్రం ఆరింటికో హాయిగా ఉంటుంది. బల్ల మీద చిన్న టిష్యూ ప్యాకెట్ ఉంటే ఎవరో పట్టుకున్న చోటని అర్థం. ఇక్కడ అందరూ దాన్ని గౌరవిస్తారు. ఒకరు బల్ల దగ్గర కూర్చుంటే మిగతావాళ్లు తలో స్టాల్‌కు వెళ్లాలి. తిన్నాక ట్రే మనమే తీసుకెళ్లి పెట్టాలి, 2021 నుంచి అది చట్టం. పిల్లలకు ఆటస్థలం కావాలంటే ఈస్ట్ కోస్ట్ లగూన్ సెంటర్‌కు వెళ్లండి. ఇసుక, సముద్రం పక్కనే ఉంటాయి, సాటే పొగ వెతకనక్కర్లేకుండా తనే పిలుస్తుంది. నగరం నడుమ కావాలంటే 1894 నాటి ఇనుప కట్టడం లౌ పా సాట్. ఎనిమిది పలకల ఆ మార్కెట్ పక్క వీధిని సాయంత్రాలు వాహనాలకు మూసేసి సాటే పొయ్యిలు పెడతారు. ధర కాస్త ఎక్కువ, అయినా ఊరు చూడటానికి వచ్చినవాళ్లకు అది చూపించాల్సిందే.

2020 డిసెంబరులో యునెస్కో ఈ హాకర్ సంస్కృతిని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఇవాళ సింగపూర్‌లో 110కి పైగా హాకర్ సెంటర్లు, వాటిలో 6,000కు పైగా వంట స్టాళ్లు ఉన్నాయి. కానీ వంట చేసేవాళ్లలో దాదాపు సగం మంది అరవై దాటినవాళ్లే. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఎముకల చారు పెట్టే పనిని డిగ్రీ చదివిన కొడుకు అందుకోవాలని ఆశించడం కష్టం. కొత్తవాళ్లకు శిక్షణ ఇచ్చే పథకాలు నడుస్తున్నాయి, మంచిదే. మనవంతు పని కూడా ఒకటుంది. ఏసీ హోటల్లో ఇరవై డాలర్ల నూడిల్స్‌కు మారుమాట్లాడకుండా చెల్లించి, ఇక్కడ అర డాలరు పెంచితే గొణగడం న్యాయం కాదు. ఆ ముసలాయన గిన్నెలో యాభై ఏళ్ల చేతి నేర్పు ఉంది. ఆ ధరకు అది దొరకడమే మన అదృష్టం.

వెళ్లే ముందు ఒక్కటి చూసుకోండి. ప్రతి సెంటర్‌నూ మూడు నెలలకోసారి శుభ్రం చేయడానికి మూసేస్తారు, ఆ తేదీలు ముందే ప్రకటిస్తారు. పెద్దవాళ్లను టాక్సీలో ఎక్కించుకుని వెళ్లి తాళాలు చూసి రాకూడదు. సోమవారం చాలామంది సెలవు తీసుకుంటారు. బాగా పేరున్న స్టాళ్లు మధ్యాహ్నం రెండు కాకముందే సరుకు అయిపోయి మూసేస్తాయి. కాబట్టి మొదటిసారి వెళ్లేవాళ్లు మంగళవారం తర్వాత, ఉదయం పదింటికి బయలుదేరండి.