భద్రాద్రి సీమలో భోషాణము

మన పెద్దల లోగిళ్ళలో భోషాణము ఒక పెట్టె మాత్రమే కాదు. దస్తావేజులకు, పట్టుబట్టలకు, ఇత్తడి పాత్రలకు అదియే భద్రస్థానము. దాని మూతపై పెద్దలు శయనించుటయు కద్దు. తానీషా ఏలుబడిలో (1672–1687) పాల్వంచ పరగణా తహశీల్దారు కంచర్ల గోపన్న చేయించెనని చెప్పెడు నగలను భద్రాచల దేవాలయమున నేటికిని చూడగలుగుచున్నామన్నచో, అది తరతరములుగ దాచినవారి చలువయే.

ఇండ్లలోని పెట్టెలకు గోదావరి వలన గండము కలదు. భద్రాచలము వద్ద వరద 1986లో 75.6 అడుగులకు, 2022లో 71.3 అడుగులకు ఎక్కినది. తడిసిన భోషాణమును ఎండలో ఉంచితిమా, చెక్క బీటలు వారును. ముందుగా కాగితములను వెలికి తీసి, పెట్టెను నీడను, గాలి తగులుచోట మెల్లగా ఆరనీయవలెను. పిదప ఇటుకలపై నిలిపి, గోడకు జానెడు ఎడముగ ఉంచినచో చెదల జాడ వెంటనే కనబడును.

అటకమీదనో కొట్టులోనో పాత పెట్టె దొరకినప్పుడు గీకి రంగు పూయుటకు త్వరపడరాదు. చెక్కిన పేరు, సంవత్సరము, కమ్మరి కొట్టిన బందు, ఇవియే దాని చరిత్ర. అది ఎవరి కాలమున ఇంటికి వచ్చెనో పెద్దలను అడిగి, ఒక కాగితముపై వ్రాసి అందే ఉంచుదము.