మీటలు తిప్పిన చేతులు

కరెంటుతో పుట్టే శబ్దంలో ప్రాణం ఉంటుందా అని మన ఇళ్ళల్లో ఇప్పటికీ వాదనే. కీబోర్డు వచ్చి తబలాల నోరు కొట్టిందని విసుక్కునే పెద్దలకి నేను స్టీవీ వండర్ పేరు చెబుతూంటాను. అమెరికాలో నల్లజాతివారి చర్చి పాటల్లోంచి పుట్టింది సోల్ సంగీతం. పేరులోనే ఆత్మ ఉంది. దాన్ని తీసుకెళ్ళి వైర్లూ మీటలూ ఉన్న యంత్రంలో పెట్టి, ఆత్మ చెదరకుండా పలికించిన మనిషాయన.

1950లో మిషిగన్ రాష్ట్రంలో నెలలు నిండకుండా పుట్టాడు. అద్దాల పెట్టెలో ప్రాణవాయువు ఎక్కువై చూపు పోయింది. పదకొండో ఏటే డెట్రాయిట్‌లోని మోటౌన్ రికార్డుల కంపెనీ చేర్చుకుంది. దాన్ని పెట్టిన బెర్రీ గోర్డీ అంతకుముందు కార్ల ఫ్యాక్టరీలో పనిచేసినవాడు. పాటలూ ఆ పద్ధతిలోనే తయారయ్యేవి. ఒకరు రాయాలి, ఇంకొకరు వాయించాలి, మరొకరు పాడాలి. పైవాళ్ళు సరే అంటేనే సరుకు గేటు దాటాలి. 1963లో, పదమూడేళ్ళకి, ‘ఫింగర్‌టిప్స్’ దేశంలో మొదటి స్థానానికి ఎక్కింది. సంపాదన మాత్రం ట్రస్టులో ఉండేది.

1971 మేలో ఇరవై ఒకటి నిండింది. పాత ఒప్పందం ముగిసింది. వెంటనే కొత్త సంతకం పెట్టలేదు, న్యూయార్కు వెళ్ళి సొంతంగా రికార్డు చేసుకున్నాడు. ఆ పాటలు చేతిలో పెట్టుకునే బేరమాడాడు. చివరికి మోటౌన్ దిగివచ్చి పాటల హక్కులూ, స్వేచ్ఛా రాసిచ్చిన ఒప్పందం 120 పేజీలట! సర్వహక్కులూ ధారపోస్తూ ఒక్క కాగితమ్మీద సంతకం పెట్టేసే మాబోటి నవలా రచయిత్రులం దాన్ని ఒకసారి తిరగెయ్యాలి.

న్యూయార్కుకి ఆయన్ని లాగింది ‘జీరో టైమ్’ అనే రికార్డు. ఇంగ్లండు నుంచి వచ్చిన జాజ్ వాద్యకారుడు మాల్కమ్ సెసిల్, రాబర్ట్ మార్గులెఫ్ కలిసి చేసింది. వాళ్ళ యంత్రం పేరు టొంటో. గది నిండా బీరువాలంత పెట్టెలు, వాటినిండా మీటలు, జడల్లా వైర్లు. దానికి జ్ఞాపకశక్తి లేదు. ఇవాళ కుదిరిన శబ్దం, వైర్లు మారిస్తే రేపు ఉండదు.

ఇక్కడే అసలు సంగతి. మీటల మీద రాతలు వండర్‌కి కనిపించవు. మెట్ల మీద వేళ్ళు ఆయనవి, మీటలు తిప్పే చేతులు ఆ ఇద్దరివీ. ఏ శబ్దం కావాలో ఆయన చెప్పాలి, వాళ్ళు వెతికి పట్టాలి. వాద్యాలన్నీ ఆయన చుట్టూ ఎప్పుడూ సిద్ధంగా కలిపి ఉంచేవారు, తోచగానే చెయ్యి వెయ్యడానికి. ‘సూపర్‌స్టిషన్’ పాటలో కింద గురగురలాడే బాస్ ఏ గిటారుదీ కాదు, యంత్రానిదే!

అలా నాలుగు ఆల్బమ్‌లు: 1972లో రెండు, 1973లో ‘ఇన్నర్‌విజన్స్’, 1974లో మరొకటి. ‘ఇన్నర్‌విజన్స్’కి ఆ సంవత్సరపు ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ వచ్చింది. శబ్దగ్రహణానికి ఇచ్చిన గ్రామీ ఆ ఇద్దరికీ దక్కింది. 1974లోనే ముగ్గురూ విడిపోయారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ రికార్డుల్ని వండర్ ఒంటిచేత్తో చేశాడని రాసేవాళ్ళంటే నాకు చిరాకు. వాద్యాలు దాదాపు అన్నీ ఆయనే వాయించిన మాట నిజమే. కానీ ఫ్యాక్టరీ వరస వదిలించుకున్న మనిషి చేసింది ఒంటరి పని కాదు, తనకి నచ్చిన తోడు ఎంచుకోవడం.

తర్వాత ఆయన యమహా వాళ్ళ భారీ వాద్యంతో 1976లో ‘సాంగ్స్ ఇన్ ది కీ ఆఫ్ లైఫ్’ చేశాడు. టొంటో 2013లో కెనడాలోని కాల్గరీ సంగీత మ్యూజియం చేరింది. మరమ్మతులు పూర్తయి 2018లో మళ్ళీ పలికింది. మరో మూడేళ్ళకి సెసిల్ పోయాడు.