రామతీర్థం: కొండ మీది కొలను, ఋతువాసం, స్థలనామం

ఉపోద్ఘాతం

వేసవి విడిది అనగానే సరస్సు ఒడ్డున ఒక చిన్న ఊరు, ఏడాదిలో రెండు మూడు నెలలు కిటకిటలాడి తక్కిన కాలమంతా నిద్రపోయే వీధులు స్ఫురిస్తాయి. ఇటువంటి ఊళ్ళు ఆంగ్లేయుల పాలనతోనే వచ్చాయని భావించడం పరిపాటి. వినోదం కోసం చేసే విడిది సంగతి అలా ఉంచితే, ఏటా ఒక నియత ఋతువులో నీటి చెంత చేరి నివసించే ఆచారం ఉత్తరాంధ్రలో దాదాపు రెండు వేల ఏళ్ళ నాటిది. విజయనగరం పట్టణానికి సుమారు 12 కిలోమీటర్ల దూరంలో, నెల్లిమర్ల మండలంలో ఉన్న రామతీర్థం అందుకు మంచి నిదర్శనం. బోధికొండ, గురుభక్తులకొండ, దుర్గకొండ అనే మూడు కొండల నడుమ ఉన్న ఈ గ్రామాన్ని బౌద్ధక్షేత్రంగానో, జైనక్షేత్రంగానో, వైష్ణవక్షేత్రంగానో విడివిడిగా వర్ణించినవారే ఎక్కువ. ఈ మూడింటినీ ఒకే చోటికి రప్పించినదేమిటన్న ప్రశ్నకు సమాధానం మతంలో కంటే ముందు నీటిలో వెదకవలసి ఉంది.

వర్షావాసం

గురుభక్తులకొండ, దుర్గకొండల మీది బౌద్ధావశేషాలను తవ్వి తీసినవాడు అలెగ్జాండర్ రే. ఆయన నివేదిక భారత పురావస్తుశాఖ 1910-11 వార్షిక సంపుటిలో వెలువడింది. గురుభక్తులకొండపై సుమారు 500 అడుగుల ఎత్తున, 900 అడుగులకు పైగా పొడవు, సగటున 190 అడుగుల వెడల్పు ఉన్న ఒక రాతి అరుగు మీద స్తూపం, చైత్యగృహాలు, విహారం వరుసగా ఉన్నాయి. అరుగు ఉత్తరాభిముఖంగా ఉంది. దక్షిణాన కొండ గోడలా నిట్టనిలువుగా లేచి ఎండకు అడ్డు నిలుస్తుంది. ఆ గోడ పాదంలోనే సహజమైన నీటి కొలను ఉంది. నీడ, నీరు, మనుషులు మసలడానికి చాలినంత చదును నేల ఒక్కచోట కుదరడం కొండల మీద అరుదు. కట్టడాలకు స్థలాన్ని ఎంచినవారు శిల్పులే కావచ్చు గాని, ఆ ఎంపికను శాసించింది కొలను.

బౌద్ధ భిక్షువు స్వభావరీత్యా సంచారి. ఆషాఢ పూర్ణిమ మరునాటి నుండి మూడు నెలలు మాత్రం ఒకచోట స్థిరంగా ఉండాలని వినయపిటకం విధించింది. వానల్లో తిరుగుతూ భిక్షువులు పచ్చని మొలకలను, చిన్న ప్రాణులను తొక్కేస్తున్నారని జనం గొణగడమే ఈ నియమానికి కారణమని మహావగ్గం చెబుతుంది. అంటే నియమం పుట్టింది రైతు ఫిర్యాదు నుండి. చంపావతి నదికి చేరువలోని ఈ వరిపొలాల నడుమ ఆ ఫిర్యాదుకు ఎంత బలముండేదో ఊహించడం కష్టం కాదు. భిక్షాటనకు ఊరు అందుబాటులో ఉండాలి, పొలం కాలి కింద పడకూడదు. ఊరికి దగ్గరగా, పొలానికి ఎడంగా ఉన్న కొండ అరుగు రెండింటినీ తీరుస్తుంది.

ఇది రామతీర్థానికే పరిమితమైన లక్షణం కాదు. విశాఖపట్నం, భీమునిపట్నం మధ్య సముద్రతీరపు కొండల మీది తొట్లకొండ, బావికొండ బౌద్ధక్షేత్రాల పేర్లే ఇందుకు సాక్ష్యం. రాతిలో తొలిచిన నీటితొట్ల వల్ల ఒకటి, బావుల వల్ల మరొకటి ఆ పేర్లు పొందాయి. విహారాలు పాడుబడి, బుద్ధుని ఊసే ఆ కొండల మీద వినిపించని శతాబ్దాలలో కూడా జనం నీటిని గుర్తుంచుకున్నారు.

రామతీర్థంలో శాతవాహనుల నాణేలతో పాటు మట్టిముద్రలు దొరికాయి. ఒక ముద్ర మీది ప్రాకృత లేఖనాన్ని పండితులు ‘సిరి సివమక విజయరాజ సేల సంఘస’ అని చదివారు. శ్రీ శివమక విజయరాజ శైలానికి చెందిన సంఘం అని దాని తాత్పర్యం. ‘సేల’ అంటే శైలం. ఆనాటి నివాసులు తమను కొండతో గుర్తించుకున్నారు, రాజు పేరునూ ఆ కొండకే తగిలించారు. ఈ వివరం తర్వాతి చర్చకు అవసరం.

రామకొండ

దుర్గకొండ గుహలలో జైన తీర్థంకరుల శిల్పాలున్నాయి. అక్కడి కన్నడ శాసనం ఒకటి తూర్పు చాళుక్య విమలాదిత్యుని (1011-1018) గురువు, దేశీగణాచార్యుడు అయిన త్రికాలయోగి సిద్ధాంతదేవుడు రామకొండకు భక్తితో నమస్కరించాడని చెబుతుంది. జైన యతులకూ వానాకాలంలో సంచార నిషేధం ఉంది, వారిది చాతుర్మాస్యం. భిక్షువులు వదిలిన కొండలను జైనులు ఆశ్రయించడానికి రాజాదరణ ఒక్కటే కారణమనడం అసమగ్రం. అదే నీడ, అదే నీరు, అదే ఋతునియమం వారినీ పిలిచాయి.

అంతకంటే ముఖ్యమైనది పేరు. పదకొండో శతాబ్ది ఆరంభానికే ఈ స్థలం ‘రామకొండ’. స్థలపురాణం మరొక విధంగా చెబుతుంది. కట్టెలకు వెళ్ళిన ఒక మూగ వృద్ధురాలికి శ్రీరాముడు దర్శనమిచ్చి మాట ప్రసాదించాడనీ, ఆమె ద్వారా పూసపాటి ప్రభువుకు కబురంపగా నీటిలో సీతారామలక్ష్మణ విగ్రహాలు దొరికాయనీ, తీర్థంలో లభించాడు గనుక రామతీర్థమైందనీ ఆ కథ. పూసపాటివారు విజయనగరం కోట కట్టింది 1713లో. అంతకు ముందు తరాలకు కథను జరిపినా శాసనకాలాన్ని అది అందుకోలేదు. పేరు పాతది, దానికి చెప్పుకున్న కారణం కొత్తది.

మరి ఆ ‘రామ’ ఎవరు? ‘ఆరామ’ శబ్దమే అరిగి ‘రామ’ అయిందన్న ఊహ ఆకర్షణీయంగా ఉంటుంది. కాని ద్రాక్షారామం, అమరారామం వంటి పేర్లలో చెక్కుచెదరని దీర్ఘాకారం ఇక్కడ మాత్రమే లోపించిందనడానికి ఆధారం బలహీనం. జైనులకు రాముడు పరాయివాడు కాడు. విమలసూరి ‘పఉమచరియం’ నాటి నుండి పద్ముడనే పేరుతో అతడు వారి శలాకాపురుషులలో ఒకడు, బలదేవుడు. కనుక జైనాచార్యుడు రామకొండకు మొక్కడంలో వైరుధ్యం లేదు. రాముని కోసం ఇక్కడ ఒక మతం మరొకదాన్ని వెళ్ళగొట్టిందని వాదించేవారు ఈ శాసనాన్ని ముందు చదవాలి.

కొండ నుండి తీర్థానికి

ముద్ర మీద శైలం, శాసనంలో కొండ, నేటి వ్యవహారంలో తీర్థం. ఈ మార్పు యాదృచ్ఛికం కాదు. సంస్కృతంలో తీర్థమంటే రేవు, స్నానఘట్టం. జైన పరిభాషలో సంసారాన్ని దాటించే రేవు, దాన్ని ఏర్పరచినవాడు తీర్థంకరుడు. ఉత్తరాంధ్ర వాడుకలో మాత్రం తీర్థమంటే జాతర. ‘తీర్థానికి వెళ్ళొచ్చారు’ అంటే పుణ్యస్నానం కంటే దుకాణాలూ చుట్టాలూ ముందుగా గుర్తుకువస్తాయి. కొండ మీద నివాసం ముగిసి, పాదాన కోవెల, కోనేరు ప్రధానమైన దశలో ఈ మూడో అర్థం కూడా పేరులో చేరి ఉండాలి.

ఋతువు కూడా మారింది. నేడు రామతీర్థం నిండేది వానాకాలంలో కాదు. భీష్మ ఏకాదశి నాటి సీతారామ కల్యాణానికి, మహాశివరాత్రి జాగరణకు, శ్రీరామనవమికి జనం వస్తారు. మొదటి రెండూ మాఘమాసపువి, అంటే వరి కోత, నూర్పు ముగిసిన కాలం. రైతు పొలంలో ఉన్న నెలలలో సన్యాసి కొండ మీద ఉండేవాడు; రైతు తీరిక చేసుకున్న నెలలో రైతే కొండకు వస్తున్నాడు. విడిది కాలాన్ని ఆనాడూ ఈనాడూ నిర్ణయిస్తున్నది వరిపంటే.

రాష్ట్ర విభజనతో భద్రాచలం తెలంగాణలో ఉండిపోయినప్పుడు ఆంధ్రప్రదేశ్ అధికారిక శ్రీరామనవమి ఉత్సవాలకు రామతీర్థం పేరూ వినిపించింది. 2015లో ఆ గౌరవం కడప జిల్లా ఒంటిమిట్టకు దక్కింది. 2020 డిసెంబరు చివరలో బోధికొండ మీది కోదండరామాలయంలో విగ్రహం ధ్వంసమైనప్పుడు వేరుపడిన శిరోభాగం సమీపంలోని కొలనులోనే దొరికింది. అక్కడ పునర్నిర్మించిన ఆలయం 2022 ఏప్రిల్‌లో తెరుచుకుంది. ఆ కొలను పేరు పత్రికల్లోకి ఎక్కింది గాని, గురుభక్తులకొండ అరుగు మీది కొలను గురించి రే రాసిన వాక్యాలు పురావస్తు నివేదికలోనే ఉండిపోయాయి.